చీపుళ్లు 14, ముట్టినవి

మార్చి 31 రాత్రి ఎనిమిది గంటలకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక చరిత్రాత్మక ఘట్టం జరిగింది. మూడేళ్లు మెయింటెనెన్స్ చూసిన ఏజెన్సీ సెలవు పుచ్చుకుంటూ మాకు సామాను అప్పగించింది. చీపుళ్లు 14. బకెట్లు 6. మాపులు 9, అందులో రెండింటికి కర్రల్లేవు. ఫినాయిల్ క్యాను, సగం. సగమంటే ఎంత అని మా ప్రెసిడెంట్ గారు నిలదీశారు. ఆయన రిటైర్డ్ ఇంజినీరు. క్యానులోకి పుల్ల దించి, తడి ఎంతవరకు ఎక్కిందో కొలిచారు. నేను టార్చి పట్టాను. ట్రెజరర్ని కాబట్టి ‘పై సామాను ముట్టినది’ అని సంతకం కూడా నేనే పెట్టాను. చప్పట్లు కొట్టుకుని పైకెళ్లి పడుకున్నాం.

తెల్లవారుజామున నాలుగింటికి మంజీరా నీళ్ల వంతు. (వచ్చేవి కృష్ణా నీళ్లే కావచ్చు, హైదరాబాద్‌లో నల్లా నీళ్లకు పేరు మాత్రం మంజీరాయే.) కొత్త ఏజెన్సీ కుర్రాడు నిద్రకళ్లతో పంపు గదిలోకి వెళ్లి, ఎవరైనా తిప్పే వైపుకే వాల్వు తిప్పాడు. ఎ బ్లాకు ట్యాంకు నిండి, పొర్లి, మెట్లమీదుగా జలపాతమై పార్కింగులోకి దిగింది. బి బ్లాకులో మాత్రం పళ్లపొడి వేసుకున్నవాళ్లు వేసుకున్నట్టే నిలబడిపోయారు. ఎందుకంటే బి బ్లాకు వాల్వు ఉల్టా. పదకొండేళ్ల కిందట బిల్డరు మనిషి తిరగేసి బిగించి పోయాడు. ఆ సంగతి ఈ భూమ్మీద ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరినీ ముందురోజు రాత్రి చీపుళ్లతోపాటే లెక్కచూసి పంపించేశాం.

ఆరింటికి కరెంటు పోయింది. జనరేటర్ తాళం దొరకలేదు. ఏడింటికి లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య మొరాయించింది. లిఫ్టు కంపెనీ మెకానిక్ నంబరు పాత సూపర్‌వైజర్ ఫోన్లో ఉంది. పార్కింగులో ఎవరి కారు నీళ్లలో నానిందో చూద్దామంటే సీసీ కెమెరాల డీవీఆర్‌కి పాస్‌వర్డు కావాలి. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు అన్న మూడేళ్ల లెక్కంతా పాత ఏజెన్సీ యాప్‌లో ఉంది. ఆ యాప్ అర్ధరాత్రి పన్నెండింటికి మమ్మల్ని బయటికి నెట్టి తలుపేసుకుంది.

పాత ఏజెన్సీ మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయన గొంతులో తేనె.

“నమస్తే సార్. చెప్పండి సార్.”

“బాబూ, ఆ డీవీఆర్ పాస్‌వర్డు...”

“సార్, మా కాంట్రాక్టు నిన్నటితో అయిపోయింది కద సార్.”

మర్యాదలో ఎక్కడా లోపం లేదు. ఇంటికి నిప్పంటించి వాకిట్లో ముగ్గు చెరగకుండా వెళ్లిపోయినంత మర్యాద.

అప్పుడు కాంట్రాక్టు కాగితం తీశాం. 38 పేజీలు. వాచ్‌మన్ నిద్రపోతే ఎంత కోత, మెట్లు తుడవకపోతే ఎంత కోత, యూనిఫాం గుండీ ఊడితే ఎంత కోత, అన్నీ పట్టికలు కట్టి ఉన్నాయి. కాంట్రాక్టు ముగిశాక ఏం చేయాలన్న దానికి మాత్రం ఒక్కటే వాక్యం: గడువు తీరిన పిమ్మట ఏజెన్సీవారు సర్వమూ సజావుగా అప్పగించవలెను. సజావుగా! ఎంత నిండు మాట. ఏమి అప్పగించాలి, ఎవరికి, ఎన్నాళ్ల ముందు నుంచి, అప్పగించకపోతే ఏ బిల్లు ఆపాలి అన్న గొడవలన్నీ ఆ ఒక్క మాట కొంగు కింద దాచేశాం. ఆ వాక్యం రాసింది మేమే. పాత కాంట్రాక్టులోంచి ఎత్తి రాశాం. ఆ పాతదీ అంతకుముందు దాన్నించి ఎత్తిందే.

మన పెళ్లిలో అప్పగింతలని ఒక తంతు ఉంది. పిల్ల చేతులు పాలల్లో ముంచి, అత్తగారి చేతిలో, మామగారి చేతిలో, ఆడపడుచు చేతిలో, ఒక్కొక్కరి చేతిలో పెట్టి మరీ అప్పజెబుతారు. అమ్మాయికి ఏది పడదో, ఏది ఇష్టమో తల్లి కళ్లొత్తుకుంటూనే వియ్యపురాలి చెవిన వేస్తుంది. రెండు వైపులవాళ్లూ ఒకే పందిట్లో ఉండగానే అదంతా అయిపోవాలని పెద్దవాళ్లకు తెలుసు. బస్సు కదిలాక ఫోన్ చేసి ‘పిల్లకి మందులేమిటండీ’ అని అడిగే వియ్యంకులుండరు. మేం మాత్రం సరిగ్గా అదే చేశాం. పాతవాళ్లు రాత్రి ఎనిమిదింటికి వెళ్లారు, కొత్తవాళ్లు తెల్లవారుజామున మూడున్నరకి వచ్చారు. వాళ్లూ వీళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకరోజు ముందుగా పిలిపిస్తే ఆ రోజు జీతం అదనంగా ఇవ్వాలన్నారు. వద్దు పొమ్మన్నాం. అలా మిగిల్చిన డబ్బు నానిన మొదటి కారు సీటు కవర్లకి కూడా చాల్లేదు.

ఇందులో నాకు అన్నిటికన్నా రుచించిన సంగతి ఇంకొకటి. మా 120 ఫ్లాట్లలో సగానికి పైగా సాఫ్ట్‌వేర్‌వాళ్లవి. అమెరికాలో ఏదో బ్యాంకు ఒక కంపెనీని మార్చి ఇంకొక కంపెనీకి పని ఇస్తే, ఆ అప్పగింత సాగించేది మా సి బ్లాకు ఆయనే. దాన్ని కేటీ అంటారు. ముందు కొత్తవాడు పాతవాడి వెనక కూర్చుని చూడాలి, అది షాడో. తర్వాత కొత్తవాడు చేస్తుంటే పాతవాడు వెనక కూర్చోవాలి, అది రివర్స్ షాడో. నేర్చుకున్నది మళ్లీ అప్పజెప్పించుకోవాలి, అది రివర్స్ కేటీ. ఈ మూడూ అయ్యాయని సంతకాలు పడందే అవతలి దేశంలో పైసా కదలదు. ఈ విద్యతో నెలనెలా లక్షలు సంపాదించే మనుషులు, తమ ట్యాంకు నింపే వాల్వు విషయంలో చీపుళ్లు లెక్కపెట్టారు. పక్క బ్లాకు ఆయనతో అంటే, “అది ఐటీ కాదు కదండీ” అన్నారు. అప్పటికాయన మినరల్ వాటర్ క్యానుతో మొహం కడుక్కుంటున్నారు.

మా బుద్ధి ఇంతేలే అని సరిపెట్టుకోబోతే మా తెలుగు చరిత్రే భుజం తట్టింది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవుల్ని, తెలంగాణ వైపు పట్వారీ కొలువుల్ని ఒక్క వేటున తీసేసింది. మరుసటేడు సుప్రీంకోర్టూ సరేనంది. వంశపారంపర్యపు పెత్తనం పోవాల్సిందే, పోయింది. కానీ పదవి పోయినంత తొందరగా ట్రంకుపెట్టె కదల్లేదు. ఏ గట్టు ఎటు జరిగిందో, ఏ చెలక ఎవరి సాగులో ఉందో రాసిన కట్టలు ఫలానా కరణంగారి అటక మీదే ఉండిపోయాయన్న మాట ఇప్పటికీ చాలా ఊళ్లలో వినబడుతుంది. కరణానికీ మా డీవీఆర్ మేనేజరుకీ నాకు పెద్ద తేడా కనబడలేదు. మేనేజరు అటక మీదికి నిచ్చెన లేదు, అంతే.

ఇక రాష్ట్రం సంగతి. 2014 విభజన చట్టం హైదరాబాద్‌ను పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అంది. తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు అని సంస్థల జాబితాలు కట్టింది. పదేళ్లంటే ఎంత పెద్ద నోటీసు పీరియడ్! 2024 జూన్ 2 వచ్చింది, పోయింది. ఆ షెడ్యూళ్ల పంపకాల తగవు మాత్రం అప్పటికీ తెగలేదు. ఇన్ని వందల మంది ఐఏఎస్‌లకే అంత పట్టిందంటే మా ట్రెజరర్ని క్షమించొచ్చు. ట్రెజరర్ని నేనే కాబట్టి క్షమించేశాను.

సవ్యంగా జరిగినదీ ఒకటుంది, చెప్పకపోతే పాపం. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. దాన్ని స్థాపించిన పెద్దమనిషి కంపెనీ 2009 జనవరిలో కూలింది, ఆ ఏడాదే నిర్వహణ వేరే చేతుల్లోకి వెళ్లింది. రెండు రాష్ట్రాలయ్యాక ఆంధ్రలో నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ మారారు. లోపల సిబ్బంది ఎన్ని పాట్లు పడ్డారో వాళ్లనడిగితే చెబుతారు. కానీ గుండె పట్టుకుని ఫోను తీసినవాడు నొక్కేది అప్పుడూ 108, ఇప్పుడూ 108. ఆ నంబరు కాంట్రాక్టరు జేబులోది కాదు గనక మిగిలింది. మా ఇంట్లో అన్నీ కాంట్రాక్టరు జేబులోవే: యాప్ వాడిది, పాస్‌వర్డు వాడిది, మెకానిక్ నంబరు వాడిది, తాళం వాడిది. మాది ఏమిటంటే నెలనెలా చెక్కు. ఆఖరి నెల చెక్కయినా పట్టుకుని ఉంటే, పాస్‌వర్డు తనే లిఫ్టెక్కి మా ఇంటికొచ్చేది. దాన్నీ మార్చి 28నే ఇచ్చేశాం. పాపం, మంచివాళ్లు కదా అని.

రెండో రోజు బి బ్లాకు ఆడవాళ్లు బకెట్లతో అసోసియేషన్ ఆఫీసు ముందు కూర్చున్నాక ప్రెసిడెంట్ గారికి జ్ఞానోదయమైంది. పంపన్నని పిలవమన్నారు. పంపన్న అసలు పేరు మాకు తెలీదు. పదకొండేళ్లుగా పంపన్నే. జీడిమెట్ల వైపు ఒక గదిలో ఉంటాడని వాచ్‌మన్ చెబితే కారేసుకుని వెళ్లాం. అతను వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, పంపు గదిలోకి వెళ్లి, వాల్వు పిడికి కట్టిన ఎర్రగుడ్డ పీలిక చూపించాడు.

“గీ గుడ్డ కట్టిందే గందుకు సార్. గిది ఉల్టా తిరుగుతది. జెప్పుదామంటే, మొన్న రాత్రి మీరందరు ఫినాయిల్ కాడ ఉన్నరు.”

కుడికి మూడు చుట్లు తిప్పాడు. బి బ్లాకులో నీళ్ల చప్పుడు వినబడింది. జనరేటర్ తాళం ఫ్యూజుబోర్డు వెనక మేకుకి వేలాడుతోంది, తీసిచ్చాడు. ఇరవై నిమిషాల పని.

పదకొండేళ్లలో ఈ మనిషి మీద నాలుగు ఏజెన్సీలు మారాయి. మొదటిది రెండేళ్లు, తర్వాతవి మూడేసి ఏళ్లు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఐదేళ్లు విడవకుండా చేసినవాడికి అంది. ఏ ఏజెన్సీ దగ్గరా అతనికి ఐదు నిండలేదు, ఏ ఏజెన్సీయూ పైసా ఇవ్వలేదు. ఒకే గది, ఒకే పంపు, ఒకే ఉల్టా వాల్వు. మారింది చొక్కా మీద పేరొక్కటే. పంపు వయసు పదకొండేళ్లని మా ఆస్తుల రిజిస్టర్లో రాసుంది. పంపన్న వయసు రాసిన రిజిస్టరు ఎక్కడా లేదు.

కొత్త ఏజెన్సీ పెద్ద మనసు చేసుకుని అతన్ని తీసుకుంది. ఫ్రెషరు కాబట్టి పాత జీతం కన్నా రూ. 1,500 తక్కువ. కొత్త గుర్తింపు కార్డు ఇచ్చారు. దాని మీద అనుభవం అన్నచోట గీత పెట్టి ఉంది. చేరిన తేదీ: ఏప్రిల్ 3.