కట్టబోర్డుకు గరికసంజీవనీ వ్యాఖ్య

మూలము: “ఇచ్చట అల్పనిర్వహణ భూఆచ్ఛాదన ద్వారా నిటారు వాలు మృత్తికా క్రమక్షయ నియంత్రణ మరియు సుందరీకరణ పని జరుగుచున్నది. పశువులను మేపువారు శిక్షార్హులు.”

అవతారిక: ఇది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నడుమ ఒకానొక చెరువు కట్ట మీది రేకుబోర్డు. ఊరి పేరు చెప్పను. కవి అజ్ఞాతుడు. కాలం, ఎస్టిమేటు మంజూరైన కాలం. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మన మెదకు సీమ కొల్చారం వాడంటారు. మూలం లేనిది రాయననీ, అక్కరలేనిది పలకననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నాకా భాగ్యం లేదు. ఈ కట్టవాలుకు మూలమంటూ ఏదీ మిగల్లేదు, వేరుతో సహా గీకేశారు.

ఇచ్చట: సుగమము.

అల్పనిర్వహణ: అల్పమైన నిర్వహణ కలది అని బహువ్రీహి. అల్పుల చేత నిర్వహణ అని తృతీయా తత్పురుష చేస్తే కూడా వ్యాకరణం అడ్డు చెప్పదు, కట్ట చెప్పదు. ప్రాచీన పాఠంలో ఈ చోట ‘నీరటి’ అనే పదం ఉండేది. తూము తెరవడం, మూయడం, మత్తడి దుంకిననాడు కట్ట పొడుగునా నడిచి బొక్కలు వెతకడం అతని పని. అతను పోయాక అల్పనిర్వహణ వచ్చింది.

భూఆచ్ఛాదన: సంధి చేయాలి. భూ, ఆచ్ఛాదన కలిస్తే యణాదేశం వచ్చి ‘భ్వాచ్ఛాదన’ అవుతుంది. చేస్తే కాంట్రాక్టరుకు నోరు తిరగదు, చేయకుంటే వైయాకరణుడికి నిద్ర పట్టదు. ‘గరిక’ అని ఉంటే ఇద్దరూ బాగుపడేవారు.

గరిక ప్రస్తావన వచ్చింది గనుక కొంచెం ఆగుదాం. అమరసింహుడు వనౌషధి వర్గంలో దీనికి దూర్వ, శతపర్విక, సహస్రవీర్య, భార్గవి, రుహ, అనంత అని పేర్లిచ్చాడు. వీటిలో శతపర్విక దగ్గర నాకు చేతులు జోడించబుద్ధవుతుంది. నూరు కణుపులది అని అర్థం. తీగ నేల మీద పాకుతూ ప్రతి కణుపు దగ్గరా కిందికి వేరు, పైకి పిలక వేస్తుంది. మట్టి లోపల మరో కాండం చీకట్లో అదే పని చేస్తుంటుంది. ఒక కణుపు తెగితే ఆ ముక్క వేరే సంసారం పెడుతుంది. దూర్వాసూక్తం దీన్ని సరిగ్గా ఇలాగే, కణుపు కణుపునా మొలిచేదానిగా కొలుస్తుంది. అనలాసురుణ్ణి మింగి కడుపు మండిన వినాయకుడికి 21 గరికపోచలతో చల్లబడిందని పురాణం. చవితినాటి 21 పత్రుల్లో దూర్వాయుగ్మం అందుకే. గ్రహణం నాడు పచ్చడి జాడీ మీద వేసేదీ ఇదే. ఎండాకాలం చచ్చినట్టు పడి ఉండి, తొలకరి చినుకుకు లేస్తుంది. చేలో మొలిస్తే రైతు తిట్టిపోస్తాడు. ఇంగ్లీషు దేశాలవాళ్లు బెర్ముడా గడ్డి అని పేరు పెట్టి గోల్ఫ్ మైదానాల్లో ముద్దుగా పెంచుకుంటారు. పక్కనే వట్టివేరు నాటితే చెప్పనక్కరలేదు. దాని వేరు పక్కలకు పోక నిలువున మూడు మీటర్లు దిగుతుంది. 1980లలో ప్రపంచ బ్యాంకు మన దేశంలో వాలు నేలలకు దీన్నే సిఫారసు చేసింది. మనకు మాత్రం అది ఎండాకాలపు తడికెగానే తెలుసు. సిరిసిల్ల నేతగాడికి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: వట్టివేరు పడుగు, గరిక పేక.

ఏ పదం దగ్గర ఉన్నాం? సరే.

నిటారు వాలు: నిటారైతే వాలు కాదు, వాలైతే నిటారు కాదు. విరోధాభాసాలంకారం. మామూలు చెరువు కట్ట బయటి వాలు అడ్డంగా రెండడుగులకు నిలువున ఒక అడుగు, అంటే సుమారు 27 డిగ్రీలు. మేక ఆగకుండా ఎక్కుతుంది, పర్యవేక్షకుడు ఎక్కడు.

మృత్తికా క్రమక్షయము: కట్ట కింది రైతు “మట్టి కొట్టుకపోవుడు” అంటాడు. క్రమం అనే మాట అన్నిసార్లూ పొసగదు, ఎందుకంటే ఒక్కోసారి అది ఒక్క రాత్రిలో అవుతుంది. పారే నీళ్లే కోస్తాయని లోకం అనుకుంటుంది. అమెరికాలో ఎలిసన్ అనే మట్టి పరిశోధకుడు 1940లలో నేరం చినుకు నుంచే మొదలవుతుందని చూపించాడు. పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో పడి మట్టిరేణువును పెకలించి వాలు కిందికి ఎగరేస్తుంది. ఆ తర్వాతే నీటిచారలు, చారలు కలిసి ఒర్రెలు. ఆకు అడ్డుంటే చినుకు చినుకుగా దిగుతుంది, వేరుంటే మట్టి కదలదు. ఇంతే శాస్త్రం. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అడగదలిస్తే బస్సు టికెట్టు చాలు.

నియంత్రణ: ఈ మాట దగ్గర వెటకారం ఆపుతాను. 2016 సెప్టెంబరు వానలకు, కట్టడం పూర్తికాని మధ్యమానేరు మట్టికట్టకు మాన్వాడ దగ్గర గండిపడింది. 25 టీఎంసీల పైచిలుకు నీళ్లు ఆపవలసిన కట్ట అది. అంతటి వరదకు ఏ గరికా మందు కాదు, గడ్డిని పొగిడేవాడు ఇది దాచకూడదు. కానీ ఊరి చెరువుకు ప్రమాదం చెప్పకుండా, ఏటా జానెడు చొప్పున వస్తుంది. కట్ట మీద పెద్ద చెట్లు నాటడం ఇంకో ముప్పు. చెట్టు చచ్చాక కుళ్లిన వేరు నీటికి సొరంగమవుతుంది. అందుకే పాతకాలపు వాళ్లు నీళ్లవైపు రాళ్లు పేర్చారు, పొలంవైపు గడ్డి వదిలారు. వదలడమే పనిగా ఎంచినవాళ్లు వాళ్లు.

మరియు: తెలుగు కాదు, వదిలేశాం.

సుందరీకరణ: ఇది వరకు సుందరం కానిదాన్ని సుందరంగా చేయుట. ఆ వాలు మీద గరిక ఉండేది, తంగేడు ఉండేది, ఆ వెనక గునుగు లేచేది. తంగేడును పశువు ముట్టదు, అదే రాష్ట్ర పుష్పం. మూడూ ఎవరూ నాటనివి, ఎవరూ నీళ్లు పోయనివి. బోర్డు కోరిన అల్పనిర్వహణ భూఆచ్ఛాదన అక్షరాలా అదే! దాన్ని జంగిల్ క్లియరెన్స్ పేర జేసీబీతో గీకి, మొరం పోసి, నర్సరీ నుంచి లారీలో గడ్డిచాపలు తెచ్చి పరిచి, మేకులు కొట్టారు. రోజూ తడపవలసిన గడ్డి అది. తడిపేవాడు పదిరోజులు వచ్చాడు. మొదటి గట్టి వానకు చాపలు కిందికి జారి పంటకాలువలో చుట్టలు చుట్టుకున్నాయి. మొరం పొలంలో మేట వేసింది. ఆ మేట ఎత్తించిన కూలీ రైతు చేతినుంచి పోయింది. బతుకమ్మకు ఆడవాళ్లు గునుగు బజారులో కొంటున్నారు, సిరిసిల్లలో నేసిన చీరె కట్టుకుని.

శిక్షార్హులు: ఎవరని ఆకాంక్ష. పశువులను మేపువారు అని అన్వయం. మేయడానికి ఏమీ లేదు గనుక ఈ వాక్యం ఇప్పుడు నిరవకాశం. కట్ట కింద పొలం ఒడ్డు మీద మాత్రం గరిక దిట్టంగా ఉంది, దున్నినప్పుడల్లా ఏరి పారేస్తారు. తొలకరికి ముందు నాలుగు బస్తాలు అడిగి తెచ్చి, కణుపులు తుంచి, వాలుకు అడ్డంగా గీతలు తీసి అందులో పాతి, మట్టి తొక్కితే చాలు. రైతు డబ్బులు అడగడు. బిల్లు లేవదేమోనన్నదే సందేహం.