మంగళవారం రాత్రి, ఆడవాళ్లకు ఫ్రీ

మన వైపు ఆంజనేయస్వామి పేరు చెప్పి మందూ మాంసమూ మానేసే మంగళవారం నాడే దుబాయ్ బార్లలో ఆడవాళ్లకు మందు ఊరికే పోస్తారు. దాన్ని లేడీస్ నైట్ అంటారు. మిగతా రోజుల్లోనూ ఎక్కడో ఒకచోట ఉంటుంది గానీ, మంగళవారానిది పాత పేరు. హోటల్ గుమ్మం దగ్గర ఆడమనిషి మణికట్టుకు కాగితం పట్టీ చుడతారు, లేదంటే రెండో మూడో టోకెన్లు చేతిలో పెడతారు. ఆ టోకెన్‌కి గులాబిరంగు వైనో, పేరు బారెడూ సరుకు బెత్తెడూ ఉండే కాక్‌టెయిలో వస్తుంది. ఊరికే వస్తే నాకొకటి మా అక్కకొకటి అన్న సామెత మనది. దాన్ని వ్యాపారసూత్రం చేసుకున్న ఘనత మాత్రం దుబాయ్‌ది.

ఆ టోకెన్ని వీడియో తీసి, వెనక బుర్జ్ ఖలీఫా మెరుస్తుండగా, ‘దుబాయ్ ఇప్పుడు ఫుల్ ఫ్రీ మావా’ అని రాసి పెట్టే రీల్స్‌కి హైదరాబాద్ కుర్రాళ్లలో మంచి గిరాకీ. శంషాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. అరకులోయకి వెళ్లడం కన్నా దగ్గర. ఈ ‘ఫ్రీ’ అన్న మాటతో ఒక సుఖం ఉంది. డబ్బు కట్టక్కర్లేదన్నా ఫ్రీయే, అడిగేవాడు లేడన్నా ఫ్రీయే. రీల్ తీసినవాడు రెండింటినీ ఒకే గ్లాసులో పోసి కలిపేస్తాడు. గ్లాసు ఖాళీ అయ్యాక బిల్లు ఎవరి ముందు పెడుతున్నారన్నది మాత్రం రీల్‌లో ఉండదు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 2024 చివరికి దుబాయ్ జనాభా 38 లక్షలు దాటింది. వాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు మగవాళ్లు. కట్టడాల మీద, గోదాముల్లో, ట్యాక్సీల్లో, ఆఫీసుల్లో పని చేయడానికి ప్రపంచం నలుమూలల నుంచీ ఒంటరిగా వచ్చినవాళ్లు. బారు యజమానికి స్త్రీ గౌరవం మీద అంత పట్టింపు ఎందుకొచ్చిందో ఈ లెక్కే చెబుతుంది. మగవాళ్లే నిండిన బారు మిలిటరీ క్యాంటీన్‌లా ఉంటుంది, ఒక బీరు తాగి లేచిపోతారు. పక్క బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్లు నవ్వుతూ కూర్చుంటే లేచేవాడు లేవడు. నాలుగో గ్లాసు చెబుతాడు, ఖరీదైన బ్రాండు పేరు కాస్త గట్టిగా చెబుతాడు. గేలం వేసేవాడు ఎరకు బిల్లు వేయడు కదా!

ఆ బిల్లు తీరు కూడా చూడదగ్గదే. రాసి ఉన్న ధరకి పది శాతం సర్వీసు చార్జి, ఏడు శాతం మునిసిపాలిటీ రుసుము, ఐదు శాతం వ్యాట్ ఉంటాయి. జీతం మీద పన్ను లేని ఊరు, సంతోషం మీద మాత్రం వదలదు. మద్యం మీద ఉన్న 30 శాతం పన్నుని 2023 జనవరి 1న ఎత్తేశారు. రీల్స్ బృందం అప్పుడూ ‘ఫ్రీ’ అనే అరిచింది. 2025 జనవరి 1న అది చల్లగా తిరిగొచ్చింది. ఆ రోజున రీల్ తీసినవాళ్లు తక్కువ.

ఇంతకీ మన కుర్రాడు లోపలికి వెళ్లాడా లేదా? నలుగురు స్నేహితులు, నలుగురికీ కొత్త చొక్కాలు, ఒంటినిండా సెంటు. గుమ్మం దగ్గర సూటు వేసుకున్న మనిషి ముందు బూట్లు చూస్తాడు, తర్వాత మొహం చూస్తాడు, తర్వాత ఎంతో మర్యాదగా ‘సారీ సర్, కపుల్స్ ఓన్లీ’ అంటాడు. లేదంటే గెస్ట్ లిస్ట్‌లో పేరుందా అంటాడు. లోపల సగం కుర్చీలు ఖాళీగా కనబడుతూనే ఉంటాయి. మన దేశం, పక్క దేశాల మొహాలకు ఈ ‘సారీ సర్’ ఎక్కువగా వినబడుతుందని అక్కడ ఉద్యోగాలు చేసేవాళ్లు ఏళ్లుగా వాపోతున్నదే. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది.

శనికి శాంతి లేకపోలేదు. టేబుల్ కొనాలి. కనీసం ఇంత ఖర్చు పెడతానని ముందే ఒప్పుకుంటే గెస్ట్ లిస్ట్‌లో పేరు దానంతటదే మొలుస్తుంది. బయట దుకాణంలో దొరికే సీసానే ఎన్నో రెట్ల ధరకి, మూతి మీద మతాబు వెలిగించి, నలుగురు అమ్మాయిల చేత ఊరేగింపుగా తెప్పిస్తారు. మన ఊళ్లో పెళ్లికొడుకుని కూడా ఇంత హంగుతో తేవడం లేదీమధ్య. ఆ పక్క బల్లల చుట్టూ కనబడే అందగత్తెల్లో కొందరిని తెచ్చేందుకు వేరే మనుషులు ఉంటారు, వాళ్లని ప్రమోటర్లు అంటారు. న్యూయార్క్, మయామీల్లో ఈ వ్యవహారాన్ని యాష్లీ మియర్స్ అనే సామాజిక శాస్త్రవేత్త దగ్గరుండి చూసి 2020లో పుస్తకమే రాశారు. ఆమె ఒకప్పుడు మోడల్ కూడా. క్లబ్బు ప్రమోటర్‌కి డబ్బిస్తుంది, ప్రమోటర్ తెచ్చిన అమ్మాయిలకు దక్కేది రాత్రి భోజనం, నాలుగు గ్లాసులు. గాజుల బేరం భోజనానికి సరి. ఖరీదైన ఊళ్లన్నిట్లోనూ రాత్రుళ్లు నడిచేది ఇంచుమించు ఇదే బేరం.

టేబుల్ కొనలేనివాడికి ట్యాక్సీ ఉంది. డేరాకో బర్ దుబాయ్‌కో పోనిమ్మంటాడు. అక్కడి పాత హోటళ్లలో డ్యాన్స్ బార్లు ఉంటాయి, అవీ భాషలవారీగా. హిందీ బారు వేరు, మలయాళం బారు వేరు, తమిళం వేరు, తెలుగు వేరు. పొట్టి శ్రీరాములు ప్రాణం పెడితే గానీ ఇక్కడ భాషాప్రయుక్త రాష్ట్రం రాలేదు, అక్కడ హోటల్ మేనేజర్లు ఒక్క నిరాహారదీక్ష లేకుండా సాధించేశారు. వేదిక మీద పట్టుచీరల్లోనో లంగావోణీల్లోనో అమ్మాయిలు సినిమా పాటలకు మెల్లగా కదులుతుంటారు. కింద కూర్చున్నవాడు తాకకూడదు, వేదిక ఎక్కకూడదు. మరి తన ప్రేమ ఎలా తెలపాలి?

దండ కొనాలి. కౌంటర్లో దండకి ఒక రేటు, కిరీటానికి అంతకన్నా పెద్ద రేటు. కొన్నవాడు ఫలానా అమ్మాయికి అని చూపిస్తే, బారు మనిషి వెళ్లి ఆమె మెడలో వేస్తాడు. ఆమె ఇటు చూసి ఒక నమస్కారం పెడుతుంది. అంతే, ఆ చూపు ఖరీదే దండ ఖరీదు. అవతలి బల్లవాడికి పౌరుషం వచ్చి రెండు దండలు వేయిస్తాడు. ఇవతలివాడు కిరీటం పెట్టిస్తాడు. పాట అయ్యేసరికి దండలు మెడ దిగి కౌంటర్‌కి చేరతాయి, మళ్లీ అమ్ముడవడానికి. శాలువా, దండ, జ్ఞాపిక లేనిదే ఏ సభా ముగించలేని జాతికి ఇంతకన్నా తెలిసిన భాష ఏముంటుంది? రవీంద్రభారతిలో సన్మానం చేయించుకునేవాడు ఖర్చు పెట్టుకుంటాడు, ఇక్కడ చేసేవాడు పెట్టుకుంటున్నాడు, తేడా అంతే. ఒక్క దండతో అమ్మాయి తనని ప్రేమిస్తోందని నమ్మి, వారం వారం అదే కుర్చీలో కూర్చునే నాలుగు పదుల పెద్దమనుషులు ఉంటారు. ఇంటికి పంపాల్సిన డబ్బు పూలై రాలుతుంది.

వేదిక మీదున్న మనిషి లెక్క వేరు. 2019 జూన్‌లో తమిళనాడు నుంచి వెళ్లిన నలుగురు యువతులను దుబాయ్‌లోని భారత కాన్సులేట్ విడిపించి ఇంటికి పంపింది. ఈవెంట్ సంస్థలో పని అని చెప్పి వాళ్లని తీసుకెళ్లినవాళ్లు బారులో నిలబెట్టారు. ఒకామె వాట్సాప్‌లో ఇంటికి కబురు చేయగలిగింది కాబట్టి సంగతి బయటపడింది. దండ వేయించినవాడికి ఆ నమస్కారం వెనక ఏముందో కనబడే అవకాశం లేదు. వెలుతురంతా వేదిక ముందువైపే.

రోడ్డు మీదకి వస్తే కార్డులు. విజిటింగ్ కార్డంత కాగితాల మీద ఎవరో అందగత్తె బొమ్మ, ‘మసాజ్’ అన్న మాట, ఒక ఫోన్ నంబరు. ఆపిన కార్ల కిటికీ సందుల్లో గుచ్చుతారు, పేవ్‌మెంట్ల మీద వెదజల్లుతారు. వ్యభిచారం నేరమైన ఊళ్లో, ఉమ్మినా జరిమానా వేసే ఊళ్లో, పొద్దున్నే మునిసిపాలిటీ కార్మికుడు ఊడ్చి పోసే చెత్తలో ఈ కార్డులే ఎక్కువ కనబడే వీధులున్నాయి. పోలీసులు వాటిని నమ్మకండని హెచ్చరిస్తూనే ఉంటారు. నమ్మేవాళ్లు నమ్ముతూనే ఉంటారు. 2020లో ఒక భారతీయుడు డేటింగ్ యాప్‌లో బొమ్మలు చూసి 200 దిర్హాముల మసాజ్‌కని ఒక ఫ్లాట్‌కి వెళ్లాడు. బొమ్మలోని మనుషులు లేరు. వేరే మనుషులు ఉన్నారు, ఒక కత్తి ఉంది. బ్యాంకు యాప్ తెరిపించి రెండున్నర లక్షల దిర్హాములకు పైగా లాగేసుకున్నారు. అప్పటి లెక్కలో అర కోటి రూపాయలు. ఇంత ఖరీదైన ఒళ్లునొప్పుల చికిత్స ఏ కార్పొరేట్ ఆస్పత్రిలోనూ ఉండదు.

ఇక రెండో ఫ్రీ. అడిగేవాడు లేడన్నది.

2008లో ఇద్దరు బ్రిటిష్‌వాళ్లు శుక్రవారం బ్రంచ్‌లో పరిచయమయ్యారు. మధ్యాహ్నమంతా తిన్నంత తిండి, తాగినంత మందు అన్న ఆ ప్యాకేజీని హోటళ్లు ఊరంతా ప్రకటనలిచ్చి అమ్ముతాయి. ఆ రాత్రి వాళ్లు జుమేరా బీచ్‌లో పోలీసులకు దొరికారు. మూడు నెలల జైలు పడింది, అప్పీలులో శిక్ష సస్పెండయింది. తాగించిందీ ఊరే, పట్టుకుందీ ఊరే. దొంగకు తలుపు తీసి దొరను లేపినట్టు. 2010లో ఒక రెస్టారెంట్‌లో ముద్దు పెట్టుకున్నారని ఇంకో జంటకి నెల రోజులు జైలు. చెంప మీద పలకరింపు ముద్దేనని వాళ్లు మొత్తుకున్నా వినలేదు. 2013 సంగతి నవ్వే సంగతి కాదు. ఉద్యోగం మీద దుబాయ్ వెళ్లిన ఒక నార్వే యువతి తన మీద అత్యాచారం జరిగిందని పోలీసుల దగ్గరికి వెళ్లింది. కోర్టు ఆమెకే పదహారు నెలల శిక్ష వేసింది, పెళ్లికాని సంబంధం, అబద్ధపు సాక్ష్యం, మద్యం అని కారణాలు చూపించి. ప్రపంచమంతా గోల చేశాక క్షమాభిక్ష పెట్టి పంపేశారు. తప్పు చేయలేదని ఒప్పుకోవడం వేరు, క్షమించడం వేరు.

అవన్నీ పాతవి, ఇప్పుడు మారింది అంటారు. మారిన మాట నిజమే. 2020 నవంబరులో పెళ్లికాని జంటలు కలిసి ఉండటం నేరం కాదన్నారు, అనుమతి ఉన్న చోట తాగితే శిక్ష లేదన్నారు. 2022 జనవరి 2 నుంచి కొత్త శిక్షాస్మృతి వచ్చింది. దాని ప్రకారం పద్దెనిమిది దాటినవాళ్ల ఇష్టపూర్వక సంబంధం పెళ్లికి బయటదైతే కనీసం ఆరు నెలల జైలు, కానీ జీవిత భాగస్వామో సంరక్షకుడో ఫిర్యాదు చేస్తేనే. వాళ్లు వెనక్కి తగ్గితే కేసూ పోతుంది. అంటే నేరం అక్కడే ఉంది, ఫిర్యాదుదారుకి మాత్రం తీరిక లేదు. దుబాయ్‌లో పడక గది స్వేచ్ఛ కరీంనగర్లో ఉన్న నాన్నగారి మూడ్ మీద ఆధారపడి ఉందన్నమాట. దాన్ని ‘ఫుల్ ఫ్రీ’ అనడానికి చాలా ధైర్యం కావాలి. 2021 ఏప్రిల్లో దుబాయ్ మరీనాలో ఒక బాల్కనీ మీద నగ్నంగా ఫొటోలు దిగిన విదేశీ యువతులకు ఆ ధైర్యం ఉండింది. వాళ్లని అరెస్టు చేసి దేశం దాటించారు.

ఇదే ఊళ్లో డేటింగ్ యాప్ పనిచేస్తుంది, వాట్సాప్ కాల్ పనిచేయదు. ఎవరో తెలియని మనిషిని వేలితో అటో ఇటో తోసి ఎంచుకోవచ్చు గానీ, జగిత్యాలలో ఉన్న పెళ్లాంతో వాట్సాప్‌లో వీడియో కాల్ మాట్లాడటానికి లేదు. అందుకు అనుమతి ఉన్న వేరే యాప్ తీసుకోవాలి. ఆ పెళ్లాం మొగుడు ఉండేది ముహైస్నా 2 అనే కూలీల పేటలో. మనవాళ్లంతా సోనాపూర్ అంటారు, బంగారు ఊరని. గదికి ఆరుగురో ఎనిమిదిమందో, జీతం నెలకి వెయ్యి, పన్నెండు వందల దిర్హాములు. ఓ మోస్తరు శనివారం బ్రంచ్ ఇద్దరికి చెప్పుకుంటే అందులో సగానికి సగం పోతుంది. క్లబ్బులు మూడింటికి మూసేస్తారు. ఇంకో గంటా గంటన్నరకి సోనాపూర్ బస్సులు పనికి బయల్దేరతాయి. దుబాయ్‌లో నైట్‌లైఫ్ చూడని తెలుగువాడంటూ ఎవరూ లేరు. కొందరు లోపలి నుంచి చూస్తారు, ఎక్కువమంది బస్సు కిటికీలోంచి చూస్తారు.

రీల్ చూసి టికెట్ కొనేసినవాళ్లకి, డ్యాన్స్ ఈవెంట్ అని, హోటల్ పని అని ఎవరో వీసా చేతిలో పెట్టిన ఆడపిల్లలకి ఒక నంబరు. 800 46342. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానిది, రాత్రీ పగలూ పలుకుతుంది. యూఏఈలో ఏ ఫోన్ నుంచి చేసినా ఫ్రీ. దాని మీద సర్వీసు చార్జి లేదు.