ఓ రుసుమా, వచ్చే వారం రా!

లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టుల పెద్దలకు...

అయ్యా,

2021 అక్టోబరు 25న తమరిచ్చిన ప్రకటనను ప్రపంచ వర్తకులు అంత తేలిగ్గా మరిచిపోరు. లారీ ఎక్కాల్సిన కంటైనర్ తొమ్మిది రోజులైనా యార్డు వదలకపోతే 100 డాలర్లు, ఆపైన రోజుకో వంద పెంపు, అదీ షిప్పింగ్ కంపెనీల ముక్కుపిండి వసూలు! నవంబరులో మొదలవ్వాలి. వచ్చే వారానికి వాయిదా వేశారు. ఆ వారం రాగానే మళ్లీ వాయిదా. ఇలా ఏడాదికి పైగా నెట్టుకొచ్చి, ఒక్క డాలరైనా వసూలు చేయకుండానే 2022 డిసెంబరులో రద్దు ప్రకటించారు. దయ్యం భయానికి మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. ఇక్కడ దయ్యాన్ని పిలిచిందీ తమరే, తలుపు మీద రాసిందీ తమరే.

ఆ బెదిరింపుతోనే యార్డుల్లో పేరుకున్న సరుకు 90 శాతానికి పైగా తగ్గిందని తమ లెక్క. తగ్గిన మాట నిజమే. అయితే 2022 చివరికి అమెరికన్ల కొనుగోళ్ల జోరు తగ్గిందన్నదీ నిజమే.

అసలు చిక్కు ఎక్కడుంది? అప్పట్లో అమెరికాకు వచ్చే కంటైనర్లలో దాదాపు 40 శాతం తమ రెండు పోర్టుల్లోనే దిగేవి. కోవిడ్‌కు ముందు లంగరేసి ఎదురుచూసే ఓడ కనబడటమే అరుదు. 2022 జనవరిలో వరుసలో నిలిచినవి 109. లాక్‌డౌన్‌లో విహారాలు మానేసిన జనం సోఫాలు, వ్యాయామ యంత్రాలు తెగ కొన్నారు. ఆ సరుకుతో రేవు నిండాక, లారీ డ్రైవర్ ఖాళీ డబ్బా తిరిగివ్వడానికి వస్తే, ‘ఈ కంపెనీ డబ్బాలు ఇవాళ తీసుకోం’ అనేది టెర్మినల్. డబ్బా దిగందే దాన్ని మోసే చక్రాల చట్రం, అంటే ఛాసిస్, ఖాళీ కాదు. ఛాసిస్ లేందే నిండు డబ్బా ఎత్తలేడు. అది కదలందే యార్డులో జాగా ఉండదు, ఓడలోని సరుకు దిగదు.

ఇంత గొడవలోనూ లాంగ్ బీచ్ నగరంలో ఖాళీ డబ్బాలు రెండింటికి మించి పేర్చకూడదన్న నిబంధన ఉండేది. చూపులకు బాగుండదట! సరుకు రవాణా సంస్థ ఫ్లెక్స్‌పోర్ట్ అధిపతి రయాన్ పీటర్సన్ పడవలో రేవంతా తిరిగి, చూసింది ట్విట్టర్‌లో ఏకరువు పెట్టాక, నగరం నాలుగింటి దాకా ఒప్పుకుంది. ఇక 2021 నవంబరులో వచ్చిన కొత్త పద్ధతిలో ఓడలు తీరం దాకా రాకుండానే, ఆసియాలో బయల్దేరినప్పుడే వరుసలో పేరు రాయించుకున్నాయి. పొగ, ప్రమాదాలు తగ్గాయి, మంచిదే. వరుస మాత్రం అలాగే ఉంది, కంటికి ఆనలేదంతే.

తమ రుసుము వాయిదాల్లో ఉండగా మిగతావారివి ఒక్కరోజైనా ఆగలేదు. చైనా నుంచి పశ్చిమ తీరానికి నలభై అడుగుల డబ్బా రేటు 2021 సెప్టెంబరులో 20 వేల డాలర్లు దాటింది. దాని మీద కంజెషన్ సర్‌చార్జి, పీక్ సీజన్ సర్‌చార్జి, డెమరేజ్ (గడువు దాటి సరుకు టెర్మినల్‌లో ఉంటే వేసే రుసుము), డిటెన్షన్ (డబ్బా ఆలస్యంగా తిరిగిస్తే వేసేది). మేర్స్క్ కంపెనీ ఆ ఏడాది లాభం 1,800 కోట్ల డాలర్లు. ఆ రేటు కోసం కంపెనీలు డబ్బాలను ఖాళీగానే ఆసియాకు పరుగెత్తిస్తుంటే, కాలిఫోర్నియా బాదం గోడౌన్లలోనే ఉండిపోయింది. ఆంధ్రా రొయ్యల ఎగుమతిదారులూ కంటైనర్లకు కటకటలాడి, పెరిగిన రేట్లు కట్టారు.

డెమరేజ్ బిల్లు న్యాయమైనదేనని నిరూపించే భారాన్ని 2022 జూన్‌లో వచ్చిన అమెరికా చట్టం షిప్పింగ్ కంపెనీల మీదే పెట్టింది. అంతవరకూ మేలే. కానీ బిల్లు పడ్డాక కొట్లాడే ఓపిక చిన్న వర్తకుడికెక్కడిది?

కాబట్టి మనవి ఒకటే. సరుకు తీసుకెళ్లడానికి లారీకి అపాయింట్‌మెంట్ ఇవ్వలేని రోజున డెమరేజ్ మీటర్ ఆగాలని టెర్మినళ్ల లీజుల్లో ఒక్క వాక్యం రాయించండి. లీజుకిచ్చే యజమానులు తమరే కదా.

ఇట్లు,
బిల్లు కట్టినవారి శ్రేయోభిలాషి