కింది ఆకాశానికి కాపలాదారుని

మైత్రీవనం చుట్టూ వేలాడే కోర్సుల బోర్డులు చూసి హైదరాబాద్ అంటే సాఫ్ట్‌వేరే అనుకునేవాళ్లకు నేను పెద్దగా తెలియను. నా పేరు వీషోరాడ్స్. జవాన్లు మోసుకెళ్లగలిగే విమాన విధ్వంసక క్షిపణిని. ఈ నగరంలోనే, 1988లో ఏర్పడిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో డీఆర్‌డీఓ శాస్త్రవేత్తలు నాకు రూపమిచ్చారు. నా చూపు శత్రు విమానం వేడిని పసిగడుతుంది. నాలోని ఘన ఇంధన మోటారు రెండు దశల్లో తోపునిస్తుంది. గాలిలో చటుక్కున మళ్లడానికి చిన్న చిన్న థ్రస్టర్లున్నాయి. నా పరిధి సుమారు 6 కిలోమీటర్లు. పెద్ద క్షిపణుల పక్కన ఇది చిన్న సంఖ్యే. అయినా కాల్బలానికి అసలు ముప్పు ఆ 6 కిలోమీటర్ల లోపలి నుంచే వస్తుంది. కందకంలో ఉన్న జవానును వెతికి కాల్చాలంటే హెలికాప్టర్ కిందికి దిగక తప్పదు. కాబట్టి నేను ఎన్ని విమానాలు కూల్చానన్నది నాకు సరైన కొలత కాదు. ఎన్నింటిని కిందికి రాకుండా ఆపానన్నదే చూడాలి.

దీనికి సాక్ష్యం మన దేశానికి చేదుగానే దొరికింది. 1999 మే 28న కార్గిల్‌లో పాకిస్తాన్ బలగాలు ప్రయోగించిన ఇలాంటి చిన్న క్షిపణికి మన ఎంఐ-17 హెలికాప్టర్ కూలి నలుగురు సిబ్బంది అమరులయ్యారు. ఆ తర్వాత ఎంఐ-17లను దాడుల నుంచి తప్పించారు. యుద్ధ విమానాలు క్షిపణికి అందని ఎత్తు నుంచి దాడి చేయాల్సి వచ్చింది. అంత పైనుంచి గురి తప్పకుండా కొట్టేందుకు మిరాజ్-2000లు, లేజర్ బాంబులు అవసరమయ్యాయి. మనుషులు మోసే కొద్దిపాటి ఆయుధాలు ఒక వైమానిక దళం యుద్ధం చేసే తీరునే మార్చేశాయి. శత్రువు చేతిలో అంత పనిచేసిన ఆయుధం మన జవాను చేతిలో ఉంటే ఎదుటివాడికీ అదే ఇబ్బంది తప్పదు.

అంత ఎత్తు నుంచే కొట్టే బాంబులు వచ్చాక నీతో పనేమిటని కొందరు అడుగుతారు. పైన ఎగిరేవాటిని నేను అందుకోలేనన్నది నిజమే. వాటి సంగతి ఆకాశ్ లాంటి పెద్ద క్షిపణులు చూసుకుంటాయి. వాటిని తప్పించుకోవాలని కిందికి దిగితే శత్రు పైలట్లు నాకు చిక్కుతారు. ఉక్రెయిన్‌లో 2022 నుంచి రష్యా పైలట్లు ఎదుర్కొన్న చిక్కు ఇదే: పైకి వెళ్తే పెద్ద క్షిపణులు, కిందికి వస్తే చిన్నవి. రెండు పొరలూ ఉన్నప్పుడే ఒకదానికొకటి బలం. మంటల ఫ్లేర్లు వదిలి నా కన్ను కప్పవచ్చన్నది రెండో వాదన. కొన్నిసార్లు అది సాధ్యమే. కానీ ఫ్లేర్లు వదులుతూ పక్కకు మళ్లిన పైలట్ ఆ క్షణానికి దాడి మానుకున్నట్టే. కింద ఉన్న జవానుకు కావలసిందీ అదే.

డ్రోన్లను నువ్వు ఆపగలవా అన్న ప్రశ్న ఇంకా గట్టిది. 2025 ఫిబ్రవరి 1న ఒడిశాలోని చాందీపూర్ తీరంలో జరిగిన మూడు పరీక్షల్లో, తక్కువ ఎత్తులో ఎగిరే, వేడి తక్కువగా వెలువరించే డ్రోన్లను పోలిన లక్ష్యాలను నేను ధ్వంసం చేశాను. అలాగని ప్రతి చవక డ్రోన్‌కూ నన్ను ఖర్చు చేయడం తెలివైన పని కాదు. అదే ఏడాది మేలో పాకిస్తాన్ డ్రోన్లను ఎదుర్కోవడంలో పాత ఎల్-70 విమాన విధ్వంసక గన్నులు బాగా అక్కరకొచ్చాయి. చిన్నవాటిని గన్నులకూ జామర్లకూ వదిలి, హెలికాప్టర్లకూ పెద్ద డ్రోన్లకూ నన్ను దాచుకోవాలి.

నేను తోసిపుచ్చలేని ఆరోపణ ఒకటుంది. మోయడానికి తేలికైనది దొంగిలించడానికీ తేలికే. 2002 నవంబరులో కెన్యాలోని మొంబాసాలో ఉగ్రవాదులు ప్రయాణికుల విమానంపై ఇలాంటి క్షిపణులు రెండు వదిలారు. అదృష్టం బాగుండి గురి తప్పింది. అందుకే నాలాంటి ప్రతి గొట్టానికీ నంబరు, తాళం, లెక్క ఉండి తీరాలి.

కాబట్టి నన్ను కొంటే చాలనుకోవద్దు. శత్రువు ఏ దిక్కు నుంచి వస్తున్నాడో ముందుగా చెప్పే రాడార్, మన విమానాన్నీ పరాయి విమానాన్నీ వేరుచేయగల శిక్షణ, పై ఆకాశాన్ని కాసే పెద్ద క్షిపణి ఉండాలి. ఈ మూడూ లేని చోట నేను మోత బరువునే.