ఐదు అరల డబ్బా

నేను పుట్టింది చెప్పుల డబ్బాగానే. విజయవాడలో ఒక నర్సుల హాస్టల్‌కి వచ్చాక నా బతుకు మారింది. పాత శుభలేఖల అట్టలు నాలుగు నాలో అడ్డంగా నిలబెట్టి, నన్ను ఐదు అరలు చేసింది మా అమ్మాయి. ముందున్న అర బాగా ఇరుకు, వెనక్కి వెళ్లేకొద్దీ వెడల్పు. ఆ శుభలేఖల్లో మిగిలిన భాగాన్ని చీటీలుగా కత్తిరించి, ఇంగ్లీషు మాటలు రాసి నాలో పేర్చింది. కొన్ని చీటీల అంచున ఇప్పటికీ పసుపు మరక ఉంటుంది.

నా పద్ధతికి పెద్ద వంశమే ఉంది. సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు 1972లో జర్మన్ భాషలో రాసిన పుస్తకంతో ఇలాంటి పెట్టెలు జనంలోకి వచ్చాయి. అంతకు చాలాముందే, 1885లో, హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన పరిశోధన అచ్చువేశాడు. అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టిన మనిషి ఆయన. నేర్చిన వెంటనే మరుపు వేగంగా వస్తుందని, తర్వాత దాని జోరు తగ్గుతుందని తేల్చాడు. నా అరలన్నీ ఆ మరుపుకు ఎదురు కట్టినవే. కొత్త చీటీ మొదటి అరలో పడుతుంది. వెనక్కి తిప్పకుండా జవాబు చెప్పగలిగితే రెండో అరకు జరుగుతుంది. తప్పిందా, ఐదో అరలో ఉన్నా సరే, మళ్లీ మొదటికే. మొదటి అర రోజూ తీయాలి, చివరిది నెలకోసారి తీస్తే చాలు.

మా అమ్మాయికి బ్రిటన్‌లో నర్సు ఉద్యోగం కావాలి. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో వినడం, చదవడం, మాట్లాడటాలకు 7, రాయడానికి 6.5 అడుగుతుంది. రాయడంలోనూ మాట్లాడటంలోనూ పావువంతు మార్కులు పదసంపదకే. ఆ మాట వినగానే చాలామందిలాగే ఆమె కూడా ‘ప్లెథోరా’, ‘యుబిక్విటస్’ లాంటి భారీ మాటలతో నన్ను నింపింది. అవి మొదటి అర నుంచి కదల్లేదు. ఎలా కదులుతాయి? వార్డులోగానీ, బస్సులోగానీ, ఫోన్లోగానీ వాటితో ఆమెకు పని పడదు.

ఆమెకు కావలసినవి నడిమెట్టు మాటలు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రకటించిన ఆరు మెట్లలో బీ1, బీ2 అనేవి ఇవే. అవిభక్త బెంగాల్‌లో, ఢాకాలో పిల్లల చదువు చూసిన మైకేల్ వెస్ట్ 1953లో ఇంగ్లీషుకు అత్యవసరమైన మాటల జాబితా అచ్చువేశాడు. అందులో ఉన్నవి సుమారు 2000. వాటి పైన, పై చదువుల పుస్తకాల్లో పదేపదే తగిలేవాటిని న్యూజిలాండ్‌లో ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఏరి 570 పదకుటుంబాలుగా కూర్చింది. ఈ రెండూ చూస్తే నాకు ధైర్యం వస్తుంది. భాష సముద్రమే కావచ్చు, పరీక్షకు ఈదాల్సిన మేరకు మాత్రం గట్టు కనిపిస్తోంది.

నడిమెట్టులో ఉన్న కష్టం వేరు. ఇక్కడ మాట చూస్తే తెలుస్తుంది, అవసరానికి నోటికి రాదు. ‘రిలక్టెంట్’ చీటీనే తీసుకోండి. ఒకవైపు ఆ మాట, రెండోవైపు ‘అయిష్టంగా ఉండు’. రెండో అర దాకా వెళ్లడం, వెనక్కి రావడం. ఒక రాత్రి డ్యూటీ దిగి వచ్చి, ఆ చీటీ చింపేసి కొత్తది రాసింది. ముందువైపు తెలుగులో, ‘ఏడో బెడ్ పెద్దాయన సూది వేయించుకోనని మొరాయిస్తున్నాడు.’ వెనకవైపు, ‘హీ ఈజ్ రిలక్టెంట్ టు హావ్ ద ఇంజెక్షన్.’ ఆ చీటీ ఇక మొదటి అర ముఖం చూడలేదు. మాటతోపాటు దాని వెంట నడిచే ‘టు’ కూడా వచ్చేసింది. ఆ తర్వాత ఒంటరి మాట రాసిన చీటీ నాలోకి రాలేదు. ఛాతీనొప్పి అని రోగి చెబితే ‘కంప్లైన్ ఆఫ్’, భోజనం బాగాలేదంటే ‘కంప్లైన్ అబౌట్’, రెండూ పక్కపక్కనే ఉండేవి. ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ రాసి అడ్డంగా ఎర్ర గీత కొట్టింది. ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అప్ విత్’ లాంటి పదబంధాలు మాత్రం అన్నిటికన్నా ఎక్కువసార్లు వెనక్కి వచ్చాయి.

మన తెలుగిళ్లలో తిరిగే ఇంగ్లీషు మాటలతో ఇంకో చిక్కుంది. గదిలో ఉండే చిన్నమ్మాయి చీటీలు తీసి అడిగేది.

“అక్కా, రేపు పరీక్ష, నాకు టెన్షన్‌గా ఉంది. చెప్పు.”

“ఐ యామ్ ఇన్ టెన్షన్...”

“నిన్నా ఇదే అన్నావు అక్కా.”

“ఉండవే. ఐ యామ్ నర్వస్ అబౌట్ టుమారోస్ టెస్ట్.”

‘టెన్షన్’ తెలియని తెలుగువాళ్లు లేరు, అందుకే దాన్ని మళ్లీ నేర్చుకోవాలని ఎవరికీ తోచదు. ‘అడ్జస్ట్ అవ్వండి’ అని బస్సులో పక్కకు జరగమంటాం. పరీక్ష హాల్లో ఆ అలవాటే ముందుకొస్తుంది. ఈ చీటీలే నాలో అన్నిటికన్నా విలువైనవని నా గట్టి నమ్మకం.

ఆమె పరీక్ష నెగ్గి వెళ్లింది. వెళ్లేముందు నన్ను చిన్నమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల చీటీలన్నీ బయటకు తీసి చదివింది. ‘టెన్షన్’తో పాటు ఓ గుప్పెడు ఉంచుకుని, మిగతావి కట్టగట్టి అటక మీద పెట్టింది. నాకు బాధ కలగలేదు. ఏడో బెడ్ పెద్దాయనను ఆమె ఎరగదు, ఆమె పనిచేసేది పిల్లల వార్డులో. మందు మింగనని పెదాలు బిగించే పిల్లాడి గురించి నిన్న మొదటి చీటీ రాసుకుంది. ఈ పూట తప్పు చెప్పింది, రేపు మళ్లీ తీస్తుంది.