చిటికెడు మేత

మదనపల్లెలో మా మనవడి ఇంట్లో మంచమంత పొడుగు గాజుతొట్టి ఉంది. లోపల ఉప్పునీళ్లు, పగడాలు, నారింజరంగు చేపలు రెండు. మేము సముద్రం చూడాలంటే చెన్నపట్నం దాకా బస్సెక్కేవాళ్లం. వీడు సముద్రాన్ని హాల్లోకే తెచ్చి పెట్టుకున్నాడు.

పోయిన నెల వాడూ పెళ్లామూ పది రోజులు ఊరికి పోతూ చేపలను నాకప్పగించినారు. రోజుకు చిటికెడు మేత చాలన్నాడు. చిటికెడు ఏ మూలకు? నేను కనపడితే చాలు, అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తుంటే చూస్తూ ఉండేదెట్ల? మూడు పూటలా వేసినాను. వాడు తిరిగొచ్చేసరికి పగడాల మీద పచ్చటి వెంట్రుకల మాదిరి నాచు!

వాడు చిన్న బుడ్డిలో తొట్టినీళ్లు పట్టి మందు కలిపితే నీలంగా తిరిగినాయి. "ఫాస్ఫేట్ పెరిగింది తాతా" అన్నాడు. లీటరుకు 0.03 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటే మేలట. 0.1 దాటితే నాచు పుడుతుందట, పగడం సున్నపు గూడు సరిగా కట్టుకోలేదట. అసలు లేకపోయినా పస్తేనట!

మా రోజుల్లో ఈ బుడ్లూ మందులూ లేవు. పుంగనూరు పక్కన మా ఊరి చెరువు ఎండిందంటే ఊరంతా బండ్లు కట్టేది. నల్లగా, జిగురుగా, పారకు అంటుకొని వదలని చెరువుమన్ను. వానకు పొలంలోంచి కొట్టుకుపోయిన సారాన్ని మళ్లీ పొలానికే తోలుకునేవాళ్లం. పొట్టి పుంగనూరు ఆవు పేడ కూడా దిబ్బకే పోయేది. చాకిరేవులో బట్టలకు సౌడుమన్ను, తలకు కుంకుడుకాయ. ఇక చెరువులో మిగిలేదేముంది?

ఇప్పుడో? టమోటా తోటకు డీఏపీ ఎరువు లేనిదే పని కాదు. బస్తా మీద 18-46 అని రాసుంటుంది. 46 అంటే ఫాస్ఫేట్ లెక్క, మేం భాస్వరం అనేది దాన్నే. 50 కిలోల బస్తాలో 23 కిలోలు. పైరు తిన్నంత తింటుంది, మిగిలింది మట్టిని కరుచుకుంటుంది. గట్టివాన పడితే మట్టితో పాటే చెరువులోకి దిగుతుంది. దానికి తోడు ఊరి మురుగు. ఇప్పుడు కట్ట మీద నిలబడి చూస్తే నీళ్లు కనపడవు, గుర్రపుడెక్క తప్ప.

2025లో హంద్రీ-నీవా కాలువలో కృష్ణానీళ్లు వచ్చినాయని కుప్పం నుంచి మా చెల్లెలు సంబరంగా ఫోను చేసింది. "నీళ్లు సరే, చెరువుల్లో పూడిక తీసినారా?" అన్నాను. "నీ నోట్లోంచి ఒక మంచిమాట రాదా అన్నా?" అని పెట్టేసింది.

ఇక తొట్టి సంగతికొస్తే, మనవడు తుప్పురంగు గుళికలు ఒక సంచిలో పోసి తొట్టిలో వేలాడదీసినాడు. అది ఇనుప తుప్పేనట, ఫాస్ఫేట్‌ను పట్టేస్తుందట. దాని ధర విని నాకు కళ్లు తిరిగినాయి. మన ఎర్రమన్ను ఎరుపు మాత్రం దేనిది? ఆ తుప్పుదే! భాస్వరాన్ని పొలంలో ఊరికే పట్టి ఉంచేది అదే. చెరువు అడుగున మాత్రం ప్రాణవాయువు అయిపోతే ఆ పట్టు సడలి, పాత భాస్వరమంతా మళ్లీ నీళ్లలోకి వస్తుందట. అందుకే కదా మా పెద్దలు పూడిక ఎత్తించింది!

1973లో కెనడాలో ఒక సరస్సుకు నడుమ తెర కట్టి, రెండు పక్కలా నత్రజని, కర్బనం వేసి, ఒక పక్క మాత్రం భాస్వరం కూడా కలిపినారట. ఆ పక్కే పచ్చబడిందట. దీనికి కెనడా దాకా పోవాల్నా? మా చెరువు కట్టెక్కితే సరిపోయేది.

ఇదంతా మనవడికి ఏకరువు పెడుతుంటే, చిక్కుడుకాయలు వలుస్తున్న మా ఇంటామె తలెత్తింది. "ఊర్లో అందరికంటే ముందు డీఏపీ బస్తా బండికేసుకొచ్చిందెవరు? ఎకరాకు ఒకటి చాలురా అని మామ మొత్తుకున్నా, పైరు వాడిపోతోందని రెండు చల్లిందెవరు?"

నేను గొంతు సవరించుకున్నాను. మాట రాలేదు. మనవడు నవ్వు బిగబట్టి, నాచు గీకే బ్రష్షు తెచ్చి నా చేతిలో పెట్టినాడు.