ఇంటింటికీ ఈడీ

శంషాబాద్‌లో విమానం దిగింది, ఈడీ ఎక్కింది. పెద్ద కంపెనీల బిల్లుల మీద పెట్టుబడి అంటూ యాప్‌లో జనం డబ్బు సేకరించిన ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ కేసు ప్రధాన నిందితుడు 2025 జనవరి 22న దేశం దాటింది ఈ బుల్లి విమానంలోనేనట. అప్పుడు మనిషి రాలేదు, విమానం మాత్రం బుద్ధిగా తిరిగొచ్చింది. ప్రతి కుంభకోణం వెనకా వచ్చే సలహా కూడా వచ్చింది: జనం అత్యాశకు పోకూడదు, డబ్బు పెట్టేముందు అన్నీ సరిచూసుకోవాలి.

చిత్తం. ఇంటింటికీ నల్లా ఇచ్చినట్టే ఇంటింటికీ ఒక ఈడీ శాఖ ఇప్పించండి. దరఖాస్తు మీసేవలో పెట్టుకుంటాం. సిబ్బందికి మా ఇంట్లో కొదవ లేదు. విచారణ విభాగం అత్తగారిది. కూరగాయల లెక్కలో పది రూపాయలు తేడా వస్తే ఆవిడ ముందు నిజం కక్కని అల్లుడు లేడు. ఫోరెన్సిక్ ఆడిట్ బావమరిదికి, ఇంటర్ లెక్కలు రెండోసారికే గట్టెక్కాడు మరి. ఫీల్డు తనిఖీ నాది. యాప్‌లో బ్రిటానియా పేరు కనబడగానే ఆ ఆఫీసుకు పోయి, 'అయ్యా, ఫలానా వ్యాపారికి మీరు బాకీ ఉన్నారా? ఆ బిల్లు మీద నా పీఎఫ్ డబ్బులున్నాయి' అని అడుగుతా. గేటు దగ్గర సెక్యూరిటీకి ఈడీ అంటే చాలదు, ఐడీ కావాలి.

నవ్వకండి. మాదాపూర్ టీ బండి దగ్గర కాసేపు నిలబడితే నమ్మకం ఎలా పుడుతుందో తెలుస్తుంది. మెడలో ట్యాగున్నవాడు ఇంకో ట్యాగువాడికి ఫోన్ చూపిస్తాడు: 'భయ్యా, 45 రోజులకు పెట్టిన, టైముకు పడ్డయి.' అంతే. ఆ పడ్డవి వెనకాల చేరినవాళ్ల డబ్బులేనని పోలీసులు తర్వాతెప్పుడో చెబుతారు. స్క్రీన్‌షాట్ చెప్పదుగా.

అత్యాశట! ఆ యాప్ 2021 నుంచీ నడిచింది. 1,700 కోట్లు బ్యాంకు ఖాతాల్లోంచే వెళ్లాయి, దిండు కింద నుంచి కాదు. అప్పుడు చూడని కళ్లకు తిరిగొచ్చిన విమానం మాత్రం కనబడింది! ఇదే ఊళ్లో సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో 5,040 కోట్ల నగదు లేనేలేదని పేరుమోసిన ఆడిటర్లు పట్టుకోలేదు. 2009 జనవరిలో ఛైర్మనే ఉత్తరం రాసి చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందేడాదే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు! ఫీజు తీసుకున్న ఆడిటర్లకు చిక్కనిది, రిటైరైన మాస్టారు చేతిలో ఫోన్ పట్టుకుని కనిపెట్టాలా? దాదాపు 7 వేల మందికి 850 కోట్లు రావాలి. అందులో పెళ్లిళ్ల డబ్బుంది, ఆపరేషన్ల డబ్బుంది. వాళ్ల ముఖం మీద 'అత్యాశ' అని ఉమ్మడానికి నోరెలా వచ్చింది? నాలుగేళ్లలో హైటెక్ సిటీలోని ఆ ఆఫీసు మెట్లెక్కి ఒక్క కాగితం అడిగిన అధికారి పేరు చెప్పండి ముందు. మా ఆశ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.